కరెంటు పోయిన రోజే కాసిన ఎండ

అమ్మకి,

ఎదురు మేడ మీద ఎవరూ లేరు. ముందు ఆ ముక్క రాసేసి తర్వాత నమస్కారాలు పెడతాను. అక్కడున్నది ఒక నీళ్ల ట్యాంకు, దాని మీద రెండు పావురాలు. రెండింటిలో ఏదీ నాకు వరుస కాదు.

ఆడపిల్ల మిట్టమధ్యాహ్నం మేడెక్కుతోందంటే ఎవడో అబ్బాయి కోసమే అయ్యుండాలని మీ తమ్ముడు ఫోన్లో ఊదడం, నువ్వది నమ్మి ఇంత పొడుగు ఉత్తరం రాయడం! ఫోన్ చేద్దామనుకున్నాను గానీ, సగం వినకుండానే ఏడుపు మొదలెడతావు. అందుకే నేనూ ఉత్తరమే రాస్తున్నాను.

ఇక్కడ అందరం క్షేమం. మామయ్య మరీ క్షేమం. అత్తయ్యకి మోకాళ్ల నొప్పి తగ్గింది. నా మీద నిఘాకి మాటిమాటికీ మెట్లెక్కడం ఒంటికి పడినట్టుంది. నీ నడుం ఎలా ఉంది? అక్కయ్య పాపకి పళ్ళొచ్చాయా?

నువ్వడిగినవాటికి జవాబులు: వేళకే తింటున్నాను. జుట్టు కత్తిరించుకోలేదు. మేడ మీద నీడలో ఒక థర్మామీటరు కట్టాను, అది చూసి రాసుకుని, తీరిగ్గా కంప్యూటర్లో గీత గీస్తున్నాను. పేపర్లో వేసే ఎండ ఊరి బయట గడ్డి మైదానంలో కొలిచింది. మన వీధి ఎండ దానికి పెద్దన్నయ్య. రెండింటినీ పక్కపక్కన గీస్తే వేసవంతా కళ్ళ ముందు ఎక్కుతూ దిగుతూ కనిపిస్తుంది. దాంతో ఏమొస్తుందని అడక్కు. అత్తయ్య టీవీ సీరియళ్లతో ఏమొస్తోందని ఎవరూ అడగలేదుగా.

ఇక షెడ్డు సంగతి. నేను హాజరు రాసే మామయ్య కుట్టు షెడ్డులో కిందటి వేసవిలో ఒకావిడ మిషను మీదే స్పృహ తప్పి పడిపోయింది. అప్పుడు మామయ్య రేకుల కింద నిలబడి, "నలభై డిగ్రీలు దాటితే మిషన్లు ఆపెయ్యండి. పొద్దు వాలాక కుట్టుకోవచ్చు. మనుషుల కన్నా పని ఎక్కువా?" అన్నాడు. ఆ మాట నువ్వు చుట్టాలందరికీ ఎన్నాళ్లు చెప్పుకు తిరిగావో గుర్తుందిగా. గడియారంలా ముల్లు తిరిగే థర్మామీటరు ఒకటి కొని, తన చేత్తోనే మేకు కొట్టి తగిలించాడు కూడా.

హాజరుతో పాటు రోజూ దాని అంకె కూడా రాస్తాను కదా, ఊరికే సరదాకి ఆ షెడ్డు అంకెలు కూడా నా గీతల పక్కన వేశాను. ఊరి గీత ఎగిరి దూకుతుంటే షెడ్డు గీత దుప్పటి ముసుగేసి పడుకుంది. వాన పడ్డ రోజూ అంతే, నిప్పులు చెరిగిన రోజూ అంతే. అక్కడక్కడా మాత్రం ఒక్కసారిగా లేచి కూర్చుంది. అవేం రోజులా అని హాజరు పట్టీతో సరిచూస్తే, అన్నీ కరెంటు పోయిన రోజులే!

లేచి వెళ్లి చూశాను. థర్మామీటరు ఉన్నది మామయ్య గది గుమ్మం పక్క స్తంభానికి. కూలరు గాలి తిన్నగా దాని మొహానే కొడుతుంది. మోసం చేశాడనుకోకు. మోసానికి కాస్త తెలివి కావాలి. షెడ్డంటే తను కూర్చున్న చోటే అనుకున్నాడు, అంతే. కరెంటు పోతే ఎలాగూ మిషన్లు తిరగవు. మీ తమ్ముడి దయ అంతా ఆ రోజుల్లోనే పొంగింది.

గీతలు తీసుకెళ్లి చూపించాను.

"ఎందుకే నీకివన్నీ? రంగులు మాత్రం బాగా వేశావు."

"దాన్ని మిషన్ల దగ్గర పెట్టండి మామయ్యా."

"అక్కడ పెడితే రోజూ నలభై దాటుతుంది!"

"దాటుతోందనేగా చెప్తున్నాను."

"పిచ్చిమొహమా, రోజూ దాటితే పనెలా అవుతుంది?"

అత్తయ్య మెడ సాచి చూసి, ఆ ఎరుపూ నారింజా హాల్లో కర్టెన్లకి బాగుంటాయంది. వీళ్ల మధ్య బతుకుతున్నానమ్మా నేను.

ఇప్పుడు అసలు సంగతి. షెడ్డులో ఇస్త్రీ చేసే ఆవిడ థర్మామీటరు చోటు మార్చి గొడవ చేసిందని, పనిలోంచి తీసేశానని ఆయన నీకు చెప్పాడు. "మంచి పని చేశాడు, అలాంటివాళ్లని నెత్తికెక్కించుకోకూడదు" అని నువ్వు రాశావు.

మార్చింది నేను. ఎవరూ రాకముందే వెళ్లి, ఊడదీసి, మిషన్ల మధ్య స్తంభానికి తగిలించాను. భోజనాల వేళ కాకముందే ముల్లు నలభై దాటింది. ముందు చూసింది ఇస్త్రీ ఆవిడ. పెట్టె పక్కన పెట్టి, "అయ్యగారూ, దాటింది! ఆపమన్నది మీరేగా?" అని నవ్వింది. ఒక్కో మిషనూ ఆగిపోయింది. మామయ్య గదిలోంచి బయటికొచ్చి చెమటలు కక్కుకుంటూ ఆ నవ్వు చూశాడు. తీసేసింది ఆ నవ్వుకే.

వెంటనే గదిలోకి వెళ్లి నేనే చేశానని చెప్పాను. ఆయన తలుపేశాడు.

"తెలుసు. ఇంటిపిల్లే చేసిందంటే నా పరువేం కాను? ఆవిడదేముంది, ఇంకోచోట చూసుకుంటుంది."

ఆ సాయంత్రమే నీకు ఫోన్ చేసి ఎదురు మేడ అబ్బాయిని పుట్టించాడు. ఇక నేనేం చెప్పినా ప్రేమపిచ్చి కింద కొట్టేయొచ్చుగా. నువ్వు కొట్టేశావు కూడా.

నిన్న ఆవిడ తన గొడుగు కోసం వస్తే వాచ్‌మన్ గేటు తీయలేదు. నేనే తెచ్చిచ్చాను.

"మార్చింది నువ్వేగా?" అంది.

"ఎవరు చెప్పారు?"

"ఒకరు చెప్పాలా? దాని వంక అంతసేపు చూసేది నువ్వొక్కదానివే."

"అందరికీ చెప్పేస్తాను" అన్నాను.

"ఎప్పుడు?" అని, జవాబు కోసం ఆగకుండా గొడుగు విప్పుకుని వెళ్లిపోయింది. షెడ్డు షెడ్డూ తిరిగి పని అడుగుతోందట. మామయ్య ముందుగానే అందరికీ చెప్పి పెట్టాడు, ఎవరూ ఇవ్వట్లేదు.

రేపు ఉదయం మిషన్లు మొదలయ్యే ముందు, అందరి ఎదుటా, మార్చింది నేనని చెబుతాను. ఆవిడని తిరిగి పనిలోకి పిలవకపోతే రేపే ఈ ఇంట్లోంచి వెళ్లిపోతాను. హాస్టల్లో మంచం మాట్లాడుకున్నాను. ఈ ఉత్తరం నీకందేసరికి రెండింట్లో ఏదో ఒకటి అయిపోయి ఉంటుంది.

ఇట్లు,
నీ చిన్నకూతురు