జనరేటరు హ్యాండిళ్ల సంచి

గౌరవనీయులైన పర్యవేక్షక ఇంజనీరు గారి సముఖమునకు, అక్కమ్మగరువు సెక్షను లైన్ ఇన్‌స్పెక్టరు హరిబాబు వ్రాసుకొన్న అర్జీ.

విషయం: రొయ్యల చెరువుల వారి జనరేటరు హ్యాండిళ్లను అక్రమముగా స్వాధీనపరచుకొనుచున్నానని నాకు జారీ అయిన మెమోకు సమాధానము, మరియు రాబోవు గురువారము నాటి లైను పని ముగియు వరకు సదరు హ్యాండిళ్లను నా వద్దనే ఉంచుకొనుటకు అనుమతి కోరుట.

అయ్యా,

తమ మెమో నిన్న మధ్యాహ్నము నా చేతికి అందినది. హ్యాండిళ్లను వెంటనే ఎవరివి వారికి ఇచ్చివేయవలెనని అందులో ఉన్నది. గురువారము నాడు చెరువులకు కరెంటు తెచ్చు ఫీడరు లైను మీద తుపాను నాటి తాత్కాలిక జాయింటు తీసి కొత్త తీగ లాగవలెనని ఉన్నది. ఆ పనిలో సిబ్బంది ప్రాణములకు నేనే పూర్తి బాధ్యుడనని కూడా ఉన్నది. మొదటిది చేసినచో చివరిది నా చేతిలో ఉండదు. ఎందుకు ఉండదో విన్నవించుకొనుచున్నాను.

1. సదరు ఫీడరు పొడవునా రొయ్యల చెరువులే. కరెంటు పోయినచో చెరువులో ఏరియేటర్లు ఆగిపోవును, నీటిలో గాలి తగ్గును, రొయ్య ఊపిరాడక పైకి తేలును. కనుక ప్రతి గట్టు మీద ఒక డీజిలు జనరేటరు ఉంటుంది. పాతకాలపువి, హ్యాండిలు పెట్టి తిప్పితే గాని లేవవు. లైను కరెంటు, జనరేటరు కరెంటు కలియకుండా మధ్యన చేంజోవరు స్విచ్ పెట్టవలెనని నిబంధన. కొందరు పెట్టుకున్నారు. చాలామంది జనరేటరు వైరు తెచ్చి నేరుగా బోర్డులో కలిపివేసినారు. వారు ముందు మెయిన్ స్విచ్ దించి, తరువాత జనరేటరు తిప్పవలెను. మెయిన్ దించుట మరచినారా, ఆ కరెంటు వెనక్కు నడిచి, ట్రాన్స్‌ఫార్మరులో పెరిగి పదకొండు వేల ఓల్టులై మా తీగలోకి వచ్చును. సబ్‌స్టేషన్ వారి లెక్కలో లైను ఆగియే ఉండును. స్తంభము మీది మనిషికి మాత్రము ఆగి ఉండదు. ఇది తమకు తెలియనిది కాదు. మెమో తయారు చేసినవారికి తెలియదేమోనని వ్రాసితిని.

2. గత తుపానుకు మా సెక్షనులో స్తంభములు వరుసగా పడిపోయినవి. నా జట్టులో లైన్‌మెన్ అబ్రహాము, చిట్టియ్య, జూనియర్ లైన్‌మెన్ సుకుమార్ ఉన్నారు. సబ్‌స్టేషన్ నుండి లైను ఆపించి, ఆపినట్లు మాట తీసుకొని, ఆ తరువాతనే చెరువుల వైపు పని మొదలుపెట్టితిమి. జనరేటర్లు నడుచుచున్న ప్రతి చెరువుకూ వెళ్లి మెయిన్ దించి ఉన్నదీ లేనిదీ కళ్లతో చూసుకున్నాము. చంద్రరావు గారి చెరువుకు మాత్రము గట్టు తెగి రొయ్యలన్నీ కాలువ పాలైనవి, వారి జనరేటరు ఆగి ఉన్నది. నడిచేదానిని చూశాము, ఆగినదానిని ఏమని చూస్తాము? అందరమూ అదే అనుకున్నాము. ఆ జనరేటరు దగ్గరి స్తంభమే అబ్రహాము ఎక్కినాడు.

చంద్రరావు గారు ఇంట లేరు. వారి భార్య శ్యామలాంబ గారు మమ్మల్ని చూసి ఊరుకోలేకపోయినారు. పంట పోయిన ఇంట్లో మనుషులు తమ కష్టం తాము చూసుకోవాలి గాని, మా వైపు మనుషులు అలా ఉండరు కదా. "మూడు పూటలా బిస్కట్లు తిని స్తంభాలెక్కుతున్నారంటండి, మా గట్టు మీద ఉండి పస్తుంటే మాకు మర్యాదేనా" అని పొయ్యి వెలిగించినారు. చేపల పులుసు పెట్టినారు. స్తంభము మీద అబ్రహాముకు వాసన తగిలింది.

"ఏమండీ హరిబాబు గారూ, పులుసు ఇక్కడిదాకా పిలుస్తోందండి. మీరు ముందే కూర్చోకండి" అన్నాడు పైనుండి.

"నువ్వు దిగేదాకా కంచం ముట్టుకోనులే" అన్నాను.

శ్యామలాంబ గారికి పులుసు ఒక్కటే చాలదనిపించింది. తుపానుకు రాలిన కొబ్బరికాయలు ఉన్నాయి, పచ్చడి చేద్దామనుకున్నారు. రోలు ఉంది. కాని మేము ఆకలి మీద ఉన్నాము, గబగబా కావాలని మిక్సీ తీశారు. మిక్సీకి కరెంటు కావాలి. చెరువు కాపలా మనిషిని పిలిచి జనరేటరు తిప్పమన్నారు. మెయిన్ దించే అలవాటు చంద్రరావు గారిది, వారు ఊళ్లో లేరు.

జనరేటరు చప్పుడు విని నేను అటు పరుగెత్తాను. వెనక నుంచి సుకుమార్ కేక వినిపించింది. కొనఊపిరితో ఉన్నవాణ్ణి దించి రాజమహేంద్రవరం ఆసుపత్రికి తీసుకుపోదామని బయలుదేరాము. నిడదవోలు దాటకుండానే అబ్రహాము పోయాడు. నా ఒళ్లోనే పోయాడు. ఈ వాక్యమునకు కార్యాలయ భాష నాకు తెలియదు, క్షమించవలెను.

దినము నాడు అబ్రహాము భార్య దేవకుమారి నన్ను పక్కకు పిలిచి ఒకటే అడిగింది. "ఆ పూట వాళ్లింట్లో కూరేంటండి?" చేపల పులుసని చెప్పాను. "ఆయనకి ప్రాణమండి పులుసంటే" అని లోపలికి వెళ్లిపోయింది. ఆ మనిషికి నేను ఇప్పటికీ ముఖం చూపించలేకపోతున్నాను.

3. హ్యాండిళ్ల పద్ధతి ఆ తరువాత వచ్చినది. కొమ్మలు కొట్టుటకు లైను ఆపినప్పుడు సుకుమార్ స్తంభము మొదలు వద్ద నిలబడి బెల్టు కట్టుకొనుచు విప్పుచు ఉండెను గాని ఎక్కలేదు. నేను తొందరపెట్టలేదు. అప్పుడు శ్యామలాంబ గారు గట్టు మీదుగా నడిచి వచ్చి, కొంగులో చుట్టి తెచ్చిన ఇనుప హ్యాండిలును నా ముందు పెట్టినారు.

"ఇదిగో బాబూ, ముందు మాది తీసుకోండి. ఇది మీ దగ్గరుంటే మా ఇంట్లో ఎవడూ తిప్పలేడు. మీ పనయ్యేదాకా నేనూ ఇక్కడే కూర్చుంటాను" అన్నారు. పదిమందిలో కూడా తలెత్తి మాట్లాడే మనిషి, నేల చూస్తూ అన్నారు.

సుకుమార్ ఆ హ్యాండిలును చేత్తో పట్టుకొని చూసి, ఎక్కినాడు.

నాటి నుండి చేంజోవరు లేని ప్రతి చెరువు వద్ద హ్యాండిలు అడిగి తీసుకొని గోనె సంచిలో వేయించుచున్నాను. చిట్టియ్య ఆ సంచి మీద కూర్చొనును. పైవాడు దిగి, లైను ఇచ్చిన తరువాతనే లేచును. చిట్టియ్య ఉద్యోగ విధులలో సంచి మీద కూర్చొనుట ఎక్కడ ఉన్నదని మెమోలో అడిగినారు. ఎక్కడా లేదు. అతనికి కుర్చీ అయినను ఇప్పించలేకపోయినాము, సంచి మీద కూర్చొనుచున్నాడు. ఈ సంచి వచ్చిన తరువాత మా జట్టులో ఎవరికీ గోరు కూడా ఊడలేదని మనవి.

4. ఫిర్యాదు చేసిన బుల్లిబాబు గారిని గురించి నేను చెడు వ్రాయను. మొన్నటి పనికి మధ్యలో తీగ చిక్కుపడి మాకు ఆలస్యమైనది, హ్యాండిలు తిరిగి చేరేసరికి వారి చెరువులో రొయ్య తేలిపోయినది. ఆ గట్టు మీదికి నేను వెళ్లాను. తెల్లగా తేలిన రొయ్యలను తెడ్డుతో తోస్తూ ఆయన అన్నమాట యథాతథముగా వ్రాయుచున్నాను.

"మీ మనిషి పోయాడండి, కాదనను. నేనూ వచ్చాను కదా మట్టికి. దానికి నా చెరువు కూడా పోవాలంటే ఎలాగండి?"

చేంజోవరు పెట్టించుకోండి, మీ హ్యాండిలు జోలికే రానని మాత్రము అన్నాను. "ఈ పంట తీశాక పెట్టిస్తానండి" అన్నారు. పోయిన పంటకు ముందు కూడా ఇదే అన్నారు. ఒకరికి రొయ్య, ఒకరికి మనిషి. పిల్లికి చెలగాటం అనుటకు కూడా లేదు, ఇక్కడ అందరిదీ ప్రాణసంకటమే. ఈ తగవు చెరువు గట్టు మీద నేను, ఆయన తీర్చుకొనునది కాదు. తమ సంతకముతో ఒక నోటీసు వచ్చినచో చేంజోవరు లేని కనెక్షను ఒక్కటీ మిగలదు. ఆ నోటీసు కొరకు ఇదివరకే రెండు పర్యాయములు విన్నవించియున్నాను. నోటీసు రాలేదు, మెమో వచ్చినది.

5. ఎర్త్ రాడ్లు వేసుకొని పని చేయవలెను గాని హ్యాండిళ్లు ఎందుకని ప్రశ్నించినారు. న్యాయమైన ప్రశ్న. రాడ్లు పని జరుగు చోటికి ఇరుప్రక్కల తీగలకు తగిలించి భూమికి కలుపవలెను. అప్పుడు దొంగ కరెంటు ఎటు నుండి వచ్చినను మనిషిని వదలి నేలలోకి పోవును. రెండు వైపులకు రెండు సెట్లు కావలెను. మా సెక్షనుకు ఉన్నది ఒకటి. తుపాను నాడు అదియు పొరుగూరి జట్టు వద్ద ఉన్నది. ఇప్పుడు మా వద్దకు వచ్చినది గాని దాని క్లాంపు ఒకటి విరిగి, బైండింగు తీగతో కట్టుకొని వాడుచున్నాము. సంచి నాకు మాత్రము ముద్దా? రాడ్లు ఇప్పించండి, సంచిని నేనే తగలబెడతాను.

6. ఇక గురువారము సంగతి. ఆ జాయింటు అబ్రహాముకు కరెంటు కొట్టిన స్తంభము మీదనే ఉన్నది. క్రింద రోడ్డు మీద బడి ఆటోలు తిరుగుచున్నవి. గాలికి తీగ జారుచున్నది, దానిని అలాగే వదలివేయుటకు వీలు లేదు. చిట్టియ్యకు మోకాలు వంగదు, కనుక ఎక్కవలసినవాడు సుకుమార్. గురువారము పనికై ముందుగానే పోగుచేసిన హ్యాండిళ్లు ఇచ్చివేయుచున్నామని అతనికి నిన్ననే చెప్పినాను.

"మీరు ఎక్కమంటే ఎక్కుతానండి" అన్నాడు.

ఎక్కనని పోట్లాడితే నాకు ఇంత బెంగ ఉండేది కాదు. వాడికి ఎక్కనని చెప్పే ధైర్యం లేదు సార్. నేను నోరు తెరిస్తే చాలు, వాడు పైన ఉంటాడు. క్రింద ఎవరి ఇంటికి చుట్టాలు వచ్చారో, ఎవరు ఏ మిక్సీ వేస్తారో, ఏ మోటారు తిప్పుతారో నాకు తెలియదు. ఎవరూ చెడ్డవారు కారు. అబ్రహామును చంపినది పచ్చడి చేసి పెడదామనుకున్న మంచితనం.

కావున తమరు దయతలచి, గురువారము పని ముగియు వరకు హ్యాండిళ్లు నా వద్ద ఉంచుకొనుటకు అనుమతించవలెను. లేదా పొరుగు సెక్షను నుండి ఒక మంచి రాడ్ల సెట్టు ఒక్క పూటకు ఇప్పించవలెను. రెండును వీలు కానిచో, పని జరుగునంతసేపు చెరువుల గట్ల మీద నిలబడుటకు మనుషులనైనను పంపవలెను. పై సంగతులను గురువారము ఉదయము లోపల చిత్తగించవలెను. ఆ పిమ్మట చిత్తగించినను నాకు గాని మా జట్టుకు గాని ఉపయోగము ఉండదు.

ఇట్లు,
తమ విధేయుడు,
హరిబాబు,
లైన్ ఇన్‌స్పెక్టరు, అక్కమ్మగరువు.

తా.క.: సార్, ఇది మామూలుగానే రాస్తున్నాను. మెమో మెమోయే కాబట్టి ఇవాళ సాయంత్రం తిరిగి అందరి హ్యాండిళ్లూ అందరికీ ఇచ్చేశాను. శ్యామలాంబ గారు తీసుకోనని తలుపేసుకున్నారు, గుమ్మంలో పెట్టి వచ్చాను. గురువారానికి మీ దగ్గర్నుంచి ఏమీ రాకపోతే సుకుమార్‌ను ఎక్కనివ్వను, నేనే ఎక్కుతాను. ఇన్‌స్పెక్టరు ఎక్కకూడదని రూలేమీ లేదు, వెతికాను. ఎక్కి చాలా ఏళ్లయింది గాని చేతులు మరిచిపోవు. ఇంట్లో చెప్పలేదు.

అబ్రహాము మీద విచారణ చేసి చివర్లో 'మృతుని అజాగ్రత్త వలన' అని రాశారట. నా సంగతి కూడా అంతదాకా వస్తే ఆ మాట మాత్రం రాయించకండి సార్. ఈ మృతుడు ముందుగా అర్జీ పెట్టుకున్నాడు.