నా క్రేన్ సర్టిఫికెట్టు రద్దు చేయుట గురించి

శిక్షణ పర్యవేక్షణాధికారి గారి సముఖమునకు,
సూరత్, వడోద్‌లో కాపురముండే మగ్గం కార్మికుడు బిక్షపతి రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: నాకిచ్చిన క్రేన్ ఆపరేటర్ సర్టిఫికెట్టును సోమవారం లోపల రద్దు చేయుట గురించి.

ఇదే సంగతి గుజరాతీలో రాయించి ఇచ్చాను, హిందీలోనూ ఇచ్చాను. తమరు ఏదీ చదవలేదు కనుక ఈసారి నాకు సుఖమైన భాషలో రాస్తున్నాను.

1. తమ ఆమోదం పొందిన శిక్షణా కేంద్రంలో క్రేన్ గోడ మీద ఉన్నది. రంగులు బాగా వేశారు. తరగతికంతటికీ ఉన్న ఒక్క హెల్మెట్టును వంతులవారీగా పెట్టుకుని ఫోటోలు దిగాము. ఆ ఫోటోలు చూసే తమరు సంతకం చేశారు.

2. మా గురువు లింగమూర్తి గారు నిన్నమొన్నటి దాకా మగ్గాలు బాగుచేసిన మనిషి. బరువు లేపే బెల్టు పొట్టిదైతే ఏం చేయాలని అడిగితే, తెగిన నూలుపోగులు కలిపినట్లు రెండు బెల్టులు కలిపి ముడి వేయించారు. "గిది మన సాలోల్ల ముడి. సచ్చినా ఊడది," అన్నారు. ఊడలేదు. పరీక్ష రోజున అద్దె క్రేనుతో పాత మగ్గాన్ని లేపగా ముడి దగ్గర బెల్టే తెగి, మగ్గం ఆయన స్కూటరు మీద పడింది. ఆ వేళకు ఆయన చాయ్ తాగడానికి పోయారు. వచ్చి చూసి, దిష్టి తగిలిందని కొక్కేనికి నిమ్మకాయా మిరపకాయలూ కట్టి అందరినీ పాసు చేశారు.

3. మా సేఠ్ సోమవారం కొత్త మగ్గాలను మూడో అంతస్తుకు ఎక్కిస్తున్నాడు. నాకు రాదని చెప్పాను. "సర్టిఫికెట్ హై నా? ఉఠావో," అన్నాడు, కాగితం ఉంది కనుక లేపమని. కాదంటే పని పోతుంది. మగ్గాలు పైకి పోయే చోట, కింద రేకుల షెడ్డులో నా భార్య వినోద ఇంకొందరు ఆడవాళ్లతో కలిసి కండెలు చుడుతుంది. "నువ్వు లేపుతె నేను గాడ కూసోను. మరి మిగిలినోళ్లు ఏం గావాలె?" అని అడిగింది. ఆ ప్రశ్ననే తమకు పంపుతున్నాను. నాకు భయంగా ఉన్నది. తమ దగ్గర జవాబు ఉంటుందని అనుకోను, రద్దు ముద్ర ఉంటే చాలు.

కావున, నాకు ఈ పని రాదని ధ్రువీకరిస్తూ ఒక కాగితం ఇప్పించగలరు. ఈ కేంద్రం కోసం తమరు చేసిన సంతకాలలో అదొక్కటి నిజమవుతుంది. తీరిక చేసుకుని చిత్తగించవలెను.

తమ సంతకానికి విధేయుడు,
బిక్షపతి

తా.క. తమ కార్యాలయం మేడ మీదికి జనరేటరు ఎక్కించే పని లింగమూర్తి గారికే దక్కిందట. అది ఈ శనివారమే. ముడి వేయడానికి నన్ను రమ్మన్నారు. తమరు కారు దిగేది ఆ మేడ గోడ కిందనే కదా. నిమ్మకాయ మాత్రం తమరే తెచ్చుకోవలెను.