మడ్డి తొట్టిలోకి దిగనివ్వకు

అక్కా,

నేను క్షేమంగానే ఉన్నాను. మా మొక్కల నర్సరీలో ఒక ప్రాణం పోయిందని నీ చెవిన పడితే కంగారుపడకు. పోయింది మా మేస్త్రీ. మట్టిలోని సూక్ష్మజీవులకు బెల్లపు మడ్డి మేతగా వేస్తే మొక్క దానంతటదే లేస్తుందని నాకు నేర్పింది ఆయనే. అదే నేను నీకూ చెప్పాను.

మొక్కలకు పోయాలని నీళ్లు కలిపిన మడ్డి, మూత వేసిన నేలతొట్టిలో పులిసిపోయింది. మిగిలింది కాస్తే కదా, కడిగేద్దామని ఆయన లోపలికి దిగాడు. దిగీదిగగానే తూలిపోయాడు. నేను చెయ్యి చాచి వంగబోతే, "నువ్వు రాకమ్మా! ఊపిరాడట్లేదు, దూరం జరుగు" అన్నాడు. మళ్లీ మాట లేదు. పులిసినదాంట్లో పుట్టిన గాలే చంపిందట. ఆయన మాట విన్నాను కాబట్టి ఈ కార్డు రాయగలుగుతున్నాను. ఆయన పెంచిన టమాటా నారు ఏపుగా ఉంది. దానివైపు చూడలేకపోతున్నాను.

మీ తొట్టి కడగడానికి బావ దిగుతున్నాడా? వద్దను. ఎప్పటికప్పుడు కలిపి పోసేయండి, నిల్వ ఉంచకండి. పిల్లల్ని ఆ దరిదాపులకు రానివ్వకు. అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉంది? నా ఉన్ని శాలువా ఎవరైనా వస్తుంటే పంపు.

అమ్మకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. బావ నవ్వి కొట్టిపారేస్తాడు. అయినా సరే, తొట్టిలోకి దిగనని ఒట్టు వేయించుకో.

నీ చెల్లి