నలభై మూడో గుబురు

మాగ్డెబర్గ్,
ఆగస్టు 19.

కృపాల్ అన్నయ్యకు, వదినకు యేసయ్య నామంలో వందనాలు. నేను క్షేమం. మీరంతా కులాసా అని నీ ఉత్తరంలో చూశాను. ఫోన్ ఎత్తడం లేదని ఉత్తరం రాశావు, అందుకే నేనూ కాగితం మీదే రాస్తున్నాను.

వేళకు తింటున్నానా అని వదిన అడిగింది. తింటున్నాను. రుచి తెలియడం లేదు, అంతే.

"కొండల్లో నీకేం పనే?" అన్నావు. తుంగను లెక్కపెట్టడం అన్నయ్యా, నవ్వకు. మన చేలో తుంగ కాదు, దాని దూరపు చుట్టం. దక్షిణాన ఆల్ప్స్ కొండల్లో, సున్నపురాళ్ల సందుల్లో చిన్న దిండులా పెరుగుతుంది. అరచేతి వెడల్పు కావడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది. ఒక్కో గుబురుకూ ఒక నంబరు. ఏటా వేసవిలో వెళ్లి, బతికుందా లేదా రాసుకోవాలి.

నాన్న పోయారని నువ్వు ఫోన్ చేసినప్పుడు నేను ఆ వాలులోనే, నలభై మూడో గుబురు ముందు కూర్చుని ఉన్నాను. విన్నాను. సరే అన్నాను. ఊరికే ఒక కాడను వేళ్ల మధ్య తిప్పితే మన చేలో తుంగకు లాగే మూడంచులు తగిలాయి. "తుంగ కనపడితే మొదలంటా లాగాలే, పైపైన తెంపితే రేపటికి మళ్లీ నవ్వుద్ది" అనేవారు కదా నాన్న. చెయ్యి దానంతటదే దిగింది. చూసుకునేసరికి వేర్లతో సహా గుబురు నా ఒళ్లో ఉంది. ఏడుపు మాత్రం రాలేదు.

"ఎందుకు పీకావు?" అంది పక్కనే లెక్కపెడుతున్న మా ప్రొఫెసర్ మేడమ్. మా నాన్న పీకమన్నారని చెప్పాను. ఇద్దరం దాన్ని మళ్లీ సందులో పెట్టి, రాయి ఆనించాం. బతికిందో లేదో వచ్చే వేసవికి గానీ తెలియదు. "ఇంటికి వెళ్లవా?" అంది. నీకు చెప్పిందే ఆవిడకూ చెప్పాను.

నా వీసా కార్డు రెన్యువల్‌కి టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, దొరకలేదు, దేశం దాటలేను అన్నాను కదా. అబద్ధం అన్నయ్యా. నాన్న పోవడానికి వారం ముందే కార్డు చేతికొచ్చింది. "మట్టికి కూడా పంపరా తల్లీ!" అని నువ్వు ఆ ఆఫీసువాళ్లను తిట్టావు. వాళ్ల తప్పేం లేదు. వస్తే పెట్టె మూత తీసి చూపిస్తారు. అప్పుడు కూడా నాకు ఏడుపు రాకపోతే? అందరి ముందూ? అందుకే రాలేదు.

సమాధి రాయి మీద నా పేరు వేయించనా అని అడిగావు. ఇది చదివాక నీ ఇష్టం. వచ్చే నెల ఆరో తారీఖున వస్తున్నాను. నువ్వు మాట్లాడకపోయినా సరే. ఈ వానలకు నాన్న చుట్టూ తుంగ లేచి ఉంటుంది. ఎవరిచేతా పీకించకు. నేనొచ్చి పీకుతాను.

ఇట్లు,
నీ చెల్లెలు
ఈవా