వేలిముద్ర అడగని ఫోన్

జూన్ 22, ఆదివారం

ఫోన్ల షాపులో రోజుకు పది ఫోన్లు అమ్ముతాను. మా యాడికి, అంటే మా అమ్మకు, మాత్రం ఫోన్ లేదు. దీపం కింద చీకటి అంటే ఇదే.

బాపు పోయి ఏడు నెలలైంది. ఆయన వాడిన బటన్ ఫోన్ మొన్నటి వానకు తడిసి చచ్చిపోయింది. తండాలో యాడి ఒక్కతే ఉంటుంది. నేను బాన్సువాడలో కిరాయి గదిలో ఉంటాను. ఏమన్నా చెప్పాలంటే పక్కింటి హేమ్లి వదిన ఫోన్ నుంచి చేస్తుంది. చేసి, అంతా బాగుందని చెప్తుంది.

ఈరోజు తండాకు వెళ్తే ఎడమ కాలి వేళ్ల మధ్య పుండు కనిపించింది. షుగర్ ఉన్న మనిషి. ఎన్నాళ్లయిందే అని అరిచాను. ముల్లు గుచ్చింది, గంతే, నీకేంది ఫికర్ అంటుంది. ఆ కాలితోనే రోజూ ఆటో ఎక్కి వర్ని వైపు నాట్లకు పోతోంది. పొద్దంతా బురద నీళ్లలో నిలబడితే ఏ పుండు మానుతుంది? నోటితో అబద్ధం చెప్తుంది గానీ ఫోటోలో చెప్పడం కుదరదు కదా. స్మార్ట్‌ఫోన్ కొనివ్వాలి. ఆ కాలు రోజూ నేను చూడాలి.

జూన్ 24, మంగళవారం

షాపు ఓనర్ ప్రవీణ్ అన్నకు చెప్పాను. ఫైనాన్స్‌ల తీస్కో స్వాతీ, డౌన్ పేమెంట్ గూడ వద్దు, ఆధార్ తెచ్చి అమ్మతోని ఒక్కసారి ఏలు ఒత్తిపియ్యి, పది నిమిషాల పని అన్నాడు. ఇదే మాట కౌంటర్ వెనక నిలబడి నేను రోజుకు ముప్పై మందికి చెప్తాను.

మా యాడి ఎక్కడా వేలు ఒత్తదు. నాకు పద్నాలుగేళ్లప్పుడు ఒకాయన ఇంటికొచ్చి, బోరు లోన్ కాయితం అని చెప్పి బాపుతో వేలిముద్ర వేయించుకున్నాడు. సాక్షి అని యాడితో కూడా వేయించాడు. అది మా రెండెకరాలు అమ్మినట్టు రాసిన కాయితం. వానాకాలం నాగలి కట్టుకొని పోతే మమ్మల్ని చేనులో అడుగు పెట్టనివ్వలేదు. సిరా ఎప్పుడో పోయింది. అయినా ఆ రోజు యాడి తన బొటనవేలును రాయికేసి రుద్ది రుద్ది తోలు లేపుకుంది. ఇగ సచ్చేదాక ఏలు ఒత్తను అని ఒట్టు పెట్టుకుంది. పింఛన్ కూడా అందుకే తీసుకోదు. రేషన్ మిషన్ మీద నెలనెలా నేనే పోయి వేలు పెడతాను.

కాబట్టి ఫైనాన్స్ వద్దు. పోస్ట్‌పెయిడ్ వద్దు. ఎక్కడా ఏదీ ఒత్తక్కర్లేని ఫోన్ కావాలి.

జూన్ 29, ఆదివారం

మూడు కంపెనీల సిములు, ఒక డెమో ఫోన్ పట్టుకొని తండా అంతా తిరిగాను. స్వాతక్క పిచ్చిదయింది అని పిల్లలు వెంటపడి నవ్వారు. మొదటి సిమ్‌కు సేవాలాల్ గుడి దగ్గర నాలుగు గీతలు, మా ఇంట్లో సున్నా. రెండోది పెంకుల మీదికి ఎక్కితే తప్ప రాదు. మూడోదానికి మా పొయ్యి దగ్గర రెండు గీతలు వచ్చాయి. కదలకుండా నిలబడ్డాయి. అదే తీసుకుంటాను. యాడి ఎక్కువసేపు ఉండేది పొయ్యి దగ్గరే.

ఆమె ఒక్కటే అడిగింది. దీనికి కాయితం ఉంటదా అని. ఉండదు, డబ్బులు వేసినన్ని రోజులు నడుస్తుంది, వద్దనుకుంటే పారేయొచ్చు, ఎవడూ వచ్చి అడగడు అని చెప్పాను. గట్లయితే తే అంది.

జులై 2, బుధవారం

ఫోన్ కొన్నాను. మొత్తం డబ్బు ఒకేసారి కట్టాను. చార్జింగ్ రెండు రోజులు ఆగుతుంది, స్పీకర్ గట్టిది, కెమెరా పర్వాలేదు. బిల్లు మీద కూడా ఎవరి సంతకమూ లేదు. నాకు గర్వంగా ఉంది.

జులై 6, ఆదివారం

సిమ్ సంగతి నాకు ముందే తెలుసు. ప్రీపెయిడ్‌కు అగ్రిమెంట్ ఉండదు గానీ కేవైసీ ఉంటుంది. ఆధార్ మిషన్ మీద వేలు పెట్టాలి. ఈ మాట యాడికి చెప్పలేదు.

నా పేరు మీద తీసుకోవచ్చు. ప్రవీణ్ అన్న కూడా అదే అన్నాడు, ముసలామెను ఎందుకు సతాయిస్తవ్ అని. కానీ నాకెందుకో పట్టుదల వచ్చింది. ఇల్లు బాపు పేరు మీద ఉంది. కరెంటు మీటర్ చచ్చిపోయిన తాత పేరు మీద ఉంది. గ్యాస్ నా పేరు మీద. యాభై రెండేళ్లకు యాడి పేరు మీద ఒక్క వస్తువు లేదు. ఒక నంబర్ అయినా ఉండాలి. ఫోన్ చేస్తే రూప్లి అని పడాలి.

ఇంకోటి కూడా నిజం. ఈ నెల సిముల టార్గెట్‌కు నాకు రెండు తక్కువున్నాయి. ఎవరూ చదవని పుస్తకంలో కూడా అబద్ధం రాసుకోవడం ఎందుకు.

జులై 9, బుధవారం

యాడిని షాపుకు తీసుకొచ్చాను. బియ్యం కార్డుకు కేవైసీ అడుగుతున్నారు, ఒక్కసారి వేలు పెట్టకపోతే నీ పేరు తీసేస్తారు, డీలర్ దగ్గర మిషన్ పాడైంది, మా దగ్గర చేస్తారు అని చెప్పాను. దారి పొడుగునా ఈ మాటే మనసులో చదువుకుంటూ వచ్చాను. గుక్క తిప్పుకోకుండా చెప్పాను.

ఆమె నా ముఖంలోకి చూసింది. ఇంకెవరన్న అడిగితే ఒత్తపోదును, నువ్వు అడుగుతున్నవ్ గద బేటీ అంది.

బొటనవేలు ఐదుసార్లు పెట్టినా మిషన్ తీసుకోలేదు. నాట్లు వేసి, కలుపు తీసి గీతలన్నీ అరిగిపోయాయి. తడిగుడ్డతో తుడిచాను. కొబ్బరినూనె రాశాను. ఒక్కో వేలూ పట్టుకొని నేనే ఒత్తించాను. చివరికి ఎడమచేతి ఉంగరపు వేలికి పచ్చ లైటు వెలిగింది. అప్పటిదాకా యాడి కళ్లు మూసుకునే ఉంది.

జులై 10, గురువారం

మొదటి ఫోటో వచ్చింది. కాలు కాదు, పొయ్యి.

జులై 13, ఆదివారం

కూర్చోబెట్టి నేర్పించాను. పచ్చ బొమ్మ నొక్కు. నా ముఖం నొక్కు. కెమెరా నొక్కి కాలు తీయి. బాణం నొక్కు. నాలుగు నొక్కులు, నాకు వచ్చేస్తుంది. అంతేనా అంది. అంతే అన్నాను.

జులై 27, ఆదివారం

రోజూ పొద్దున ఆరింటికి ఫోటో వస్తోంది. ఏరియా దవాఖానలో చూపించాను. మందులు రాసిచ్చారు, నీళ్లలోకి దిగొద్దన్నారు. నేను ఫోన్ చేసి తిట్టి తిట్టి నాట్లు మాన్పించాను. పుండు చిన్నదవుతోంది. నిన్నటిదీ ఇవాళ్టిదీ పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తోంది. ఫోటో చూడగానే బాగుంది యాడీ అని వాయిస్ పెడతాను. ఆమె అది హేమ్లి వదినకు కూడా వినిపిస్తుందట.

ఈ రెండు వారాలూ సంతోషంగానే ఉన్నాను.

ఆగస్టు 5, మంగళవారం

మధ్యాహ్నం హేమ్లి వదిన షాపుకు వచ్చింది. కొంగు ముడి విప్పి కౌంటర్ మీద సిమ్ పెట్టింది.

నిన్న తండా వాళ్లంతా కేవైసీకి రేషన్ షాపుకు పోయారట. యాడి కూడా ఊరికే వెంట పోయింది. రూప్లీ, నీది కాలేదు, ఏలు పెట్టు అన్నాడట డీలర్. నా బిడ్డ షాపుల పెట్టిన గద అని ఈమె. ఫోన్ల షాపుల బియ్యం కార్డుకు ఎవడు పెట్టిస్తడే, నీతోని సిమ్ముకు పెట్టిచ్చిండ్రు అని అతను. అందరూ నవ్వారట. యాడి ఇంటికొచ్చి, ఇవాళ పొద్దున నాకు ఫోటో పంపాక, హేమ్లి వదినతో సిమ్ ఊడదీయించింది.

ఫోన్ నా బిడ్డ కష్టంతోని కొన్నది, అది ఉంచుకుంట, గీ సిమ్ము మీద నా ఏలు ఉంది, ఇది దానికే ఇచ్చెయ్యి అని చెప్పి పంపింది.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల. నా పేరు మీద తీసుకుంటే ఏం పోయేది?

ఆగస్టు 10, ఆదివారం

తండాకు పోలేదు. ఏ ముఖం పెట్టుకొని పోవాలి?

ఆగస్టు 17, ఆదివారం

పోయాను. తలుపుకు తాళం ఉంది. మళ్లీ నాట్లకే పోయిందన్నారు. సాయంత్రం దాకా ఆగితే కలిసేదాన్ని. ఆఖరి బస్సు వంక పెట్టుకొని మూడింటికే వెనక్కి వచ్చేశాను. నిజం చెప్పాలంటే తాళం చూడగానే హమ్మయ్య అనిపించింది.

ఆగస్టు 28, గురువారం

మూడు రోజులుగా వాన. పిట్లం రోడ్డు మీద వాగు పారుతోంది, బస్సులు లేవు. హేమ్లి వదినకు ఫోన్ చేశాను. మంచిగనే ఉంది, ఇంట్లనే ఉంది అంది. యాడికి ఇవ్వమన్నాను. ఇవ్వబోతే తీసుకోలేదట. ఫోన్‌ల మాట్లాడేది ఏముంది, అన్నీ అది చూస్తనే ఉంది గద అందట. దేవుడన్నీ చూస్తున్నాడు అన్నట్టు నన్ను ఎత్తిపొడిచిందనుకున్నాను. ఏడ్చాను.

సెప్టెంబర్ 4, గురువారం, ఉదయం

హేమ్లి వదిన ఫోన్. జ్వరం, కాలు నల్లబడింది, లేస్తలేదు అంది. ఆటోలో తీసుకొస్తున్నారు.

సెప్టెంబర్ 4, సాయంత్రం

రెండు వేళ్లు తీసేయాలన్నారు డాక్టర్. ఇప్పుడే తీస్తే మనిషి దక్కుతుంది, లేకపోతే విషం పైకి ఎక్కుతుంది అన్నారు. ఫారం ఇచ్చారు. పేషెంట్ తెలివిలోనే ఉంది, ఆమె ఒప్పుకుంటేనే చేస్తామన్నారు. ఆయన తప్పేం లేదు. రెండుసార్లు స్వయంగా మంచం దగ్గరికి వచ్చి చెప్పారు.

నేను ఆ ఫారాన్ని అక్షరం పొల్లుపోకుండా మా భాషలోకి మార్చి చదివాను. యాడి కళ్లు మూసుకొని విన్నది. ఇది ఏం కాయితం అని అడిగింది. ఆపరేషన్‌ది అన్నాను. మొదలు బోరు కాయితం అన్నరు, తర్వాత బియ్యం కాయితం అన్నవ్, ఇది దేనిదో నాకేం ఎరుక అంది. కాళ్లు పట్టుకున్నాను. మంచి కాలే పట్టుకున్నాను, రెండోది ముట్టుకుంటే నొప్పి. నేను చేసింది తప్పే, దీంట్లో అబద్ధం లేదు, బాపు మీద ఒట్టు అన్నాను.

అప్పుడు కళ్లు తెరిచింది. రోజూ చూపిచ్చిన గద బేటీ, చూసుకుంట ఒక్క మాట అనలే, ఇప్పుడు ఏళ్లు కోస్తమని వచ్చినవా అంది. జ్వరంలో ఏదో మాట్లాడుతోందనుకున్నాను.

చెయ్యి పిడికిలి బిగించి దుప్పటి కింద పెట్టుకుంది. రెండు గంటలు బతిమాలాను. తియ్యలేదు.

సెప్టెంబర్ 5, శుక్రవారం

ఇంటికి తీస్కపో అనే ఒకటే మాట. ఆపరేషన్ వద్దని తీసుకుపోవడానికి కూడా కాయితమే. దాని మీద నేను సంతకం పెట్టాను.

సెప్టెంబర్ 8, సోమవారం

తెల్లవారుజామున యాడి పోయింది.

సెప్టెంబర్ 13, శనివారం

వచ్చినవాళ్లంతా వెళ్లిపోయారు. ఇల్లు సర్దుతుంటే పొయ్యి పక్క గూట్లో ఫోన్ కనిపించింది, సరిగ్గా నేను సిగ్నల్ వస్తుందని చూపించిన చోట. పసుపు గుడ్డలో చుట్టి ఉంది. సిమ్ లేని ఫోన్‌ను దేనికి దాచుకుందో అనుకుంటూ చార్జింగ్ పెట్టి తెరిచాను.

వాట్సాప్‌లో నా పేరు ఒక్కటే ఉంది. దాని కింద ఫోటోలు. ఆగస్టు 6 పొద్దున ఆరింటికి ఒకటి. 7న ఒకటి. 8న ఒకటి. సెప్టెంబర్ 3 దాకా రోజుకొకటి. ప్రతి ఫోటో కింద చిన్న గడియారం గుర్తు. వెళ్లలేదని దానర్థం.

సిమ్ మాట్లాడటానికి, ఫోటో ఫోన్ నుంచి దానంతట అదే పోతుంది అనుకుంది. నాలుగు నొక్కులు, అంతే అని నేనే చెప్పాను. సిమ్ లేకపోతే పోదని చెప్పలేదు. గడియారం గుర్తు గురించి చెప్పలేదు. ఊరందరికీ విప్పి చెప్పేదాన్ని, మా అమ్మకు చెప్పలేదు.

హేమ్లి వదినను అడిగాను. ఆమెకూ తెలియదు. కాలు ముదురుతుంది దవాఖానకు పోదాం అని ఆమె ఎన్నిసార్లు అన్నా, నా బిడ్డ రోజూ చూస్తుంది, పోవాల్సి ఉంటే అదే వస్తది అనేదట. నేను అన్నీ చూస్తున్నానని నమ్మి వదిన కూడా నాతో కాలు మాట ఎత్తలేదట. యాడి కోపం సిమ్ మీదే. నా మీద కాదు. నేను చూసి కూడా రాలేదని అనుకున్నాక నా మీద కూడా వచ్చి ఉంటుంది.

చివరి ఫోటోలో కాలు లేదు. యాడి ముఖం ఉంది, చాలా దగ్గరగా. కెమెరా పొరపాటున తిరిగిందో, తనే తిప్పుకుందో తెలియదు.

సెప్టెంబర్ 14, ఆదివారం, ఉదయం 6 గంటలు

ఆ సిమ్ నా పర్సులోనే ఉంది. నేను వేయించిన మూడు నెలల రీచార్జ్ ఇంకా అయిపోలేదు. పొయ్యి దగ్గర కూర్చొని మళ్లీ ఫోన్‌లో వేశాను. రెండు గీతలు వచ్చాయి. నా ఫోన్ మోగడం మొదలైంది. రూప్లి, రూప్లి, రూప్లి. ఇరవై తొమ్మిది ఫోటోలు.

ఒక్కొక్కటే తెరిచాను. ఒక్కొక్కదానికీ జవాబు పెట్టాను, చూశాను యాడీ అని. నా ఒళ్లో ఆమె ఫోన్ ఇరవై తొమ్మిదిసార్లు మోగింది.