విడదీయరాని వల

శనివారం, రాత్రి

మైపాడులో లాటిన్ ధాతువులు తెలిసిన ఏకైక మహాపండితుణ్ణి నేనే. ఆ పండితుడే ఈ రోజు నాయన వల కోసేశాడు.

పొద్దున నాయన చిక్కుపడిన వల నా ముందు వేసి విప్పమన్నాడు. దీన్ని ఇంగ్లీషులో ‘ఇన్‌ఎక్స్‌ట్రికబుల్’ అంటారని, విడదీయరానిదని అర్థమని, లాటిన్‌లో ‘ట్రికే’ అంటే చిల్లర తంటాలని, ఈ మాట అందులోంచే పుట్టిందని సెలవిచ్చాను.

“అర్థం బాగుండాది. ఇప్పు,” అని టీకి వెళ్ళాడు.

పావుగంట లాగాను. ఇంకా బిగిసింది. విడదీయరానిదని నిఘంటువే తేల్చాక కాదనడానికి నేనెవణ్ణి? బ్లేడు తీశాను.

నాయన వచ్చి చిల్లు చూశాడు.

“పీత కొరికినట్టుంది నాయనా,” అన్నాను.

“కాలేజీ చదివిన పీతేమోరా. నున్నగా కోసింది.”

తిట్టలేదు. కూర్చుని మిగతా చిక్కంతా వేళ్ళతోనే విప్పేశాడు. “లాగితే బిగుస్తాదిరా. ముందు వదులు చెయ్యాల,” అన్నాడు.

రేపు వేటకు ఉన్నది ఆ ఒక్క వలే. పొద్దు గుంకేదాకా నాయన ఆ చిల్లు అల్లుతూనే ఉన్నాడు. పీత కాదు, నేనే అని చెప్పడానికి రెండుసార్లు దగ్గరికి వెళ్ళాను. రెండుసార్లూ దారం అందించి వచ్చేశాను.