అంటుంది

నవంబరు 4

ఈ డైరీ ఆఫీసువాళ్ళు జనవరిలో ఇచ్చారు. ఇవాళ తెరిచాను. ముందు పేజీలన్నీ ఖాళీ. అప్పట్లో ఏ సంగతైనా చెప్పడానికి ఇంట్లో మనిషి ఉండేది.

ఇవాళ్టి సంగతి ఇదీ. అమ్మాయి ఆ పెద్ద యూనివర్సిటీకి అప్లై చేస్తుందట. వాతావరణ శాస్త్రం చదవడానికి. రైల్లో ఒక పగలూ ఒక రాత్రీ ప్రయాణం. దేశం మొత్తం మీద గుప్పెడు మందిని తీసుకుంటారు. టీ కప్పు నా ముందు పెట్టింది. చెయ్యనా అని అడగలేదు, చేస్తున్నా నాన్నా అంది. నేను సాసర్ సరిగ్గా జరుపుకుని, మంచిది అన్నాను.

ఏం అనాలో తోచనప్పుడు నేను వాడే మాట అది. అమ్మాయికి తెలుసు. మా ఆవిడకీ తెలుసు.

నవంబరు 9

మరదలు ఫోన్ చేసింది. ఆవిడ చెల్లెలు. అక్క ఎంత తక్కువ మాట్లాడేదో చెల్లెలు అంత ఎక్కువ. ఏం బావగారూ, వాన పడుతోందో లేదో తెలుసుకోడానికి అంత దూరం వెళ్ళి చదవాలా, కిటికీ తీస్తే తెలీదూ అంది. వీధి చివర కాలేజీకి ఏం రోగమొచ్చింది, నడిచి వెళ్ళి నడిచి రావచ్చు, అందులోనూ ఫిజిక్సే కదా చెప్పేది అంది. ఇది కూడా వెళ్ళిపోతే మీరు గోడలతో మాట్లాడుకోవాల్సిందే అంది.

గోడలు ఎదురు చెప్పవు కదా అన్నాను.

నవ్వింది. నవ్వు మధ్యలోనే ఏడుపొచ్చింది ఆమెకి. కూర మాడుతోంది అని పెట్టేసింది.

నవంబరు 16

డాబా మీద వాన కొలిచే రెయిన్ గేజ్ ఇంకా ఉంది. ఆవిడ వాతావరణ కేంద్రంలో అబ్జర్వరు. పొద్దున్నే పరికరాలు చూసి అంకెలు పంపడం ఆవిడ పని. ఆఫీసులో కొలిచింది చాలక ఇంటి మీద కూడా ఒకటి పెట్టుకుంది. ఇప్పుడు అమ్మాయి చూస్తోంది. చినుకు లేని రోజు కూడా మెట్లెక్కి వెళ్ళి, సున్నా అంటూ దిగుతుంది. ఇవాళ, ఎండ కాస్తుంటే ఎందుకమ్మా ఎక్కడం అన్నాను. సున్నా కూడా కొలతే నాన్నా అంది.

అది వాళ్ళమ్మ మాట.

నేను ప్రూఫులు చూసేది బడి పుస్తకాలకి. ఒక ఏడాది ఆరో తరగతి పుస్తకంలో 'గాలి ఒత్తిడి' కాస్తా 'గాలి ఒట్టిది' అని అచ్చయిపోయింది. ఆవిడకి చూపించాను. వారం పాటు నవ్వింది. తర్వాత ఎన్నో ఏళ్ళు, డ్యూటీకి బయల్దేరుతూ చెప్పులు వేసుకుంటూ, ఒట్టి గాలి కొలిచొస్తానండీ అనేది.

డిసెంబరు 2

అప్లికేషన్‌తో పాటు ఒక వ్యాసం పంపాలట. మిమ్మల్ని మలిచిన మనిషి గురించి రాయండి అని అడిగారు. అమ్మాయి రాసింది. ప్రింటు తీసి నా బల్ల మీద పెట్టి, ఒకసారి చూడు నాన్నా అంది.

చూడటం అంటే నాకు తెలిసింది ఒకటే. ఎర్ర పెన్ను తీశాను.

బాగా రాసింది. వాళ్ళమ్మ కొలత గ్లాసు పట్టుకుని ఎలా మోకాళ్ళ మీద కూచుంటుందో, గాలి ఎటు వీస్తోందో చూడటానికి వేలు తడిపి పైకెత్తే వాళ్ళని చూసి ఎలా నవ్వుకుంటుందో, అంతా ఉంది. పేరాలన్నీ 'అమ్మ అంటుంది' అనే మొదలవుతాయి. అమ్మ అంటుంది, ఆకాశం చూసి చెబితే జోస్యం, గేజ్ చూసి చెబితే ఉద్యోగం. అమ్మ అంటుంది, మబ్బుకి నీ పరీక్ష ఉందని తెలీదు.

ఒత్తులు సరిచేశాను. కామాలు పెట్టాను. 'అంటుంది' కనిపించిన చోటల్లా కొట్టేసి, పైన 'అనేది' అని రాశాను. కూచుంటుంది, కూచునేది. నవ్వుకుంటుంది, నవ్వుకునేది. చెయ్యి ఎక్కడా ఆగలేదు.

ఇచ్చాను. నిలబడే చదివింది. థాంక్స్ అంది. నాకు థాంక్స్ చెప్పే పిల్ల కాదు.

డిసెంబరు 3

వ్యాకరణం ప్రకారం నేను దిద్దిందే ఒప్పు.

డిసెంబరు 7

గది తలుపు వేసుకుంటోంది. అన్నం వేళకి వస్తోంది, తింటోంది, కంచం కడిగి వెళ్తోంది. అడిగినదానికి జవాబు చెబుతోంది.

ఈ నాలుగు రోజులూ ఇంట్లో మాటలు వింటున్నాను. ఇన్నాళ్ళూ విన్నట్టు లేను. అమ్మకి ఈ కర్టెన్ నచ్చదు అంటుంది అమ్మాయి. అమ్మ పాలు ఇంతసేపు కాగనివ్వదు అంటుంది. నేను ఏం తక్కువ తినలేదు. నిన్న షాపులో సబ్బు ఇవ్వబోతే, మా ఆవిడ అది వాడదండీ అన్నాను. షాపాయన వేరేది ఇచ్చాడు. తెచ్చి సబ్బు పెట్టెలో పెట్టాను. పెట్టేదాకా తెలీలేదు.

నోటికి తెలియనిది నా పెన్నుకి మాత్రం ఎలా తెలిసిందో.

పంపేశావా అని అడిగాను. పంపేశా, నువ్వు దిద్దినవన్నీ దిద్దేశా, ఒక్కటీ వదల్లేదు అంది.

జనవరి 1

కొత్త డైరీ. మొదటి పేజీలో పేరు, అడ్రసు, రక్తం గ్రూపు, అత్యవసరమైతే ఎవరికి తెలియజేయాలి. చివరిది చాలాసేపు ఖాళీగా వదిలాను. తర్వాత అమ్మాయి నంబరు వేశాను.

జనవరి 19

వీధి చివర కాలేజీలో సీటు వచ్చింది. రాకపోతే ఆశ్చర్యపోవాలి. పెద్దదాని సంగతి తేలలేదు. ఇంటర్వ్యూకి పిలిచారు, అంతే. దానికే మరదలు మెత్తబడింది. ఎంతైనా మా అక్క పోలిక అంది. అంతలోనే, పిలవడం వేరు ఇవ్వడం వేరు బావగారూ, మీరేం బెంగపెట్టుకోకండి అంది.

ఆఫీసులో ఇవాళ ఒక పేరా పొరపాటున కొట్టేశాను. కొట్టేసిన మాటల కింద వరసగా చుక్కలు పెట్టి, మార్జిన్‌లో 'ఉంచాలి' అని రాశాను. మా పనిలో అదొక సదుపాయం. కొట్టేసింది తప్పని చెప్పుకోనక్కర్లేదు. చుక్కలు పెడితే చాలు, మాట ఎప్పట్లా ఉండిపోతుంది.

అమ్మాయికి ఈ గుర్తులన్నీ చిన్నప్పుడే వచ్చు. నా బల్ల కింద పాత ప్రూఫులు పరుచుకుని కూచునేది. ఒకసారి బళ్ళో టీచరు లెక్క తప్పని కొట్టేస్తే, దాని కింద చుక్కలు పెట్టి, పక్కన 'ఉంచాలి' అని రాసి పుస్తకం తిరిగిచ్చింది. టీచరు మమ్మల్ని పిలిపించింది. మా ఆవిడ కుర్చీలో కూచుని నవ్వు ఆపుకోలేక దగ్గినట్టు నటించింది.

ఫిబ్రవరి 11, మధ్యాహ్నం

ఇంటర్వ్యూ అయింది. కంప్యూటర్లోనే. ముందు గదిలో కూచుని, నన్ను వంటింట్లో ఉండమంది. దగ్గొస్తే మింగెయ్ నాన్నా అంది. మధ్య తలుపు సరిగ్గా పడదు. అంతా వినపడింది.

ముగ్గురు మాట్లాడారు. మబ్బుల గురించి అడిగితే చెప్పింది. తెలియనిది తెలియదంది. తర్వాత ఒకావిడ, మీ అమ్మగారి గురించి రాశారు కదా, ఇంకొంచెం చెప్పండి అంది.

అమ్మాయి గొంతు తేలికపడింది. అమ్మ తెల్లారకుండానే లేస్తుందండీ, వాన పడుతుంటే గొడుగు కూడా పట్టుకోదు, గేజ్‌కి లేని గొడుగు నాకెందుకు అంటుంది, అని మొదలుపెట్టింది. అమ్మ అంటుంది, అమ్మ అంటుంది. వాళ్ళు నవ్వారు. ఇది ఇంకా చెప్పింది.

అప్పుడు ఒకాయన మెల్లిగా అడిగాడు. వ్యాసం చదివి మీ అమ్మగారు లేరనుకున్నాం, మేమే పొరపాటు పడ్డామా అని.

నేను కుళాయి బిగించాను. అది కారడం లేదు.

లేరండీ అంది అమ్మాయి. ఇంట్లో ఇలాగే మాట్లాడతామండీ, మా నాన్నగారు ప్రూఫ్ రీడరు, కాగితం మీదైతే దిద్దుతారు అంది.

ఆ తర్వాత వాళ్ళేమన్నారో వినలేదు. దగ్గు మింగుతూ ఉన్నాను.

ఫిబ్రవరి 12

పోయింది నాన్నా, అంది. సీటు గురించే.

ఏప్రిల్ 18

పోలేదు.

పొద్దున స్క్రీన్ చూస్తూ అమ్మా అని అరిచింది. ఉలిక్కిపడ్డా, సంతోషమొచ్చినా ఎవరి నోటనైనా వచ్చే మాటే అది. అయినా ఇద్దరం వంటింటి వైపు చూశాం.

సీటు ఇచ్చారు. నెలాఖరులోగా వస్తున్నదీ రానిదీ చెప్పాలట. నేను మంచిది అన్నాను. ఈసారి నిజంగా మంచిదని అన్నాను. అది వేరేగా వినపడలేదనుకుంటాను.

ఏప్రిల్ 21

రెండు కాలేజీల పేర్లూ చీటీ మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించింది. ఇవాళ పెద్దదాన్ని కొట్టేసింది. అడ్డంగా ఒక గీత, స్కేలుతో గీసినట్టు.

ఎందుకని అడిగాను. ఆ ఊరు నాకు పడదు, తేమ ఎక్కువ అంది. తేమ గురించి చదవడానికి వెళ్ళే పిల్ల. ఇక్కడ లెక్చరర్లు బానే ఉన్నారట, లైబ్రరీ పర్వాలేదట. పక్కింటివాళ్ళ సామాను అమ్మిపెట్టేదానిలా చెప్పుకుపోయింది.

ఏప్రిల్ 22

ఇక్కడైనా నిజం రాయాలి. సంతోషం వేసింది. నిన్న చీటీ చూసి ఆఫీసుకి వెళ్తుంటే కాళ్ళు తేలిగ్గా పడ్డాయి. సాయంత్రం తలుపు తీసేసరికి లోపల లైటు వెలుగుతూ ఉంటుంది, ఇంకొన్నేళ్ళు ఉంటుంది అనుకున్నాను. దానికిష్టమైన బిస్కెట్లు కొన్నాను.

మరదలు ఫోన్లో, చూశారా, రక్తం ఎక్కడికి పోతుంది అంది. చేతిలో బిస్కెట్ మళ్ళీ పొట్లంలో పెట్టేశాను.

ఏప్రిల్ 25

ఆఫీసులో టైపు చేసే ఆవిడని అందరం స్పేస్‌బార్ అంటాం. మాటకీ మాటకీ మధ్య రెండేసి ఖాళీలు వదులుతుంది. నేను రోజంతా వాటిని కలుపుతూ కూచుంటాను. ఇవాళ, అమ్మాయి ఎక్కడ చేరుతోంది సార్ అని అడిగింది. చెప్పాను.

ఉండిపొమ్మన్నారా అంది. లేదన్నాను. వెళ్ళమన్నారా అంది. లేదన్నాను. మరేమన్నారు సార్ అంది. మంచిది అన్నానన్నాను.

కీబోర్డు మీంచి చేతులు తీసేసింది. పొద్దస్తమానం నా ఖాళీలు పట్టుకుంటారు గానీ, మీరు వదిలేవాటి ముందు నావెంత సార్ అంది.

ఏప్రిల్ 26, ఉదయం

అమ్మాయి డాబా మీద గేజ్ చూస్తోంది. నేను ఫ్రిజ్ దగ్గర నిలబడ్డాను. ఎర్ర పెన్ను మూత తీసి, కొట్టేసిన పేరు కింద వరసగా చుక్కలు పెట్టాను. పక్కన 'ఉంచాలి' అని రాశాను. అక్షరాలు కొంచెం వంకర పోయాయి. చీటీ నిలువుగా అంటించి ఉంది కదా, అందుకని.

సున్నా, అంటూ దిగింది. నీళ్ళ సీసా కోసం ఫ్రిజ్ దగ్గరకి వెళ్ళింది. తలుపు తియ్యలేదు.

నేను పేపరు చదువుతున్నాను. తలకిందులుగా పట్టుకోలేదు గానీ ఇంచుమించు అంతే.

గేజ్ ఎవరు చూస్తారు అంది. నేను చూస్తానన్నాను. నీకు మెట్లెక్కితే ఆయాసం అంది. సగంలో ఆగుతానన్నాను. నీకు చూడ్డం రాదు అంది. నేర్పమన్నాను. సున్నా రోజు కూడా ఎక్కుతావా అంది. సున్నా కూడా కొలతే అన్నాను.

అప్పుడు వచ్చి నా భుజం మీద తల పెట్టింది. పేపరు నలిగిపోయింది. నవంబరు నుంచీ నేర్చుకుంటున్న మాట అప్పటికి నోట్లోంచి వచ్చింది. వెళ్ళమ్మా అన్నాను.

ఆగస్టు 3

స్టేషన్. మరదలు రెండు సంచులు నింపి తెచ్చింది. అక్కడ తిండి దొరకదా పిన్నీ అంటే, దొరుకుతుంది, నేను వండింది దొరకదు అంది. రైలు కదిలేదాకా దాన్ని తిడుతూనే ఉంది. కదిలాక నా చెయ్యి పట్టుకుంది.

అమ్మాయి లోపల కూచుని అద్దం పైకెత్తి, అమ్మకి రైల్లో కిటికీ సీటే కావాలి కదా నాన్నా, నాకూ అదే వచ్చింది అంది.

అవును, అదే కావాలి అన్నాను.

ఆగస్టు 6

గోడలు నిజంగానే ఎదురు చెప్పడం లేదు.

ఆగస్టు 9

వాన. వానల్లోనే పోయింది ఆవిడ. కిందటేడు ఈ చప్పుడు ఆస్పత్రి కిటికీలోంచి విన్నాం.

పొద్దున మెట్లెక్కాను. సగంలో ఆగాను. గేజ్‌లో నీళ్ళు కొలత గ్లాసులో పోసి, అంకె చూసి అమ్మాయికి పంపాను. వెంటనే ఫోన్ చేసింది. అంత పడి ఉండదు, పై అంచు చూశావా అంది. అవునన్నాను. నీళ్ళు గాజుని పట్టుకుని అంచుల్లో పైకి పాకుతాయి నాన్నా, అది కాదు, మధ్యలో దిగిన అడుగు చూడాలి, అమ్మ అంటుంది కదా అంది. వెనకాల ఎవరో క్లాసుకి టైమైందని పిలుస్తున్నారు. పరుగెడుతూ మాట్లాడుతోంది. ఆ పరుగు చప్పుడు బాగుంది.

అంకె దిద్దాను. అదొక్కటే దిద్దాను.

ఆగస్టు 10

మళ్ళీ వాన. ఎక్కాను. మోకాళ్ళ మీద కూచుని అడుగే చూశాను. ముందు కళ్ళజోడు తుడుచుకోండి అంటుంది ఆవిడ.